అది నిజంగా కాంతేనా, తాతయ్యా?

విజయవాడ

చి. బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

బాబాయి లాప్‌టాప్‌లో ఎర్రటి ముద్దొకటి మెల్లగా జరుగుతుంటే అది లేజర్ పల్స్, అంటే క్షణంలో వచ్చి పోయే లేజర్ కాంతి తునక, అన్నాడట. కాంతి అంత నిదానంగా పోతుందా, అది నిజంగా కాంతేనా అని బుజ్జి అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

అది కాంతి కాదమ్మా, కాంతి ఎలా పోతుందో కంప్యూటర్ వేసిన లెక్క. ఆ పల్స్ ఉండేది 30 ఫెమ్టోసెకన్లు. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క ఫెమ్టోసెకను. 30 ముక్కల్లో కాంతి పోయేది 9 మైక్రాన్లే, సుమారు తలవెంట్రుక మందంలో పదో వంతు. అంత చిన్నదాని వెంట మన కన్ను పరుగెత్తలేదు. అందుకే లెక్కలోకి దింపి, తీరిగ్గా చూస్తారు.

జూన్‌లో బందరు కాలవకి నీళ్ళు వదలడం తలుచుకోండి. గేటు ఒక్కసారి ఎత్తి దించారనుకోండి, నీటి ఉబ్బు ఒకటి కాలవ వెంట బయలుదేరుతుంది. అదే పల్స్. గట్టు పొడవునా పిల్లల్ని వరసగా నిలబెట్టండి. ఎవరికీ కాలవ మొత్తం కనపడదు. తన ముందున్న నీటి మట్టం, అటూ ఇటూ ఉన్న ఇద్దరి మట్టాలు, అంతే తెలుసు. ఒకరు చప్పట్లు కొడతారు. చప్పట్టు పడ్డప్పుడల్లా ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ అంకెలు చూసి తమ కొత్త అంకె రాసుకుంటారు. ఎవరూ ఉబ్బుని తోయరు, అయినా అంకెల వరసలో అది ముందుకు నడుస్తుంది! కాంతి ఎలా నడుస్తుందో చెప్పే సూత్రాలున్నాయి, మాక్స్‌వెల్ సమీకరణాలంటారు. వాటిని ఇలా పక్కవాళ్ళ లెక్కగా మార్చే పద్ధతి 1966లో కేన్ యీ అనే ఆయన చూపించాడు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఈ రోజుకీ జరిగేది అదే.

చప్పట్లు ఆలస్యమైతే? ఉబ్బు ఒక పిల్లవాణ్ణి దాటిపోయాక చప్పుడు వినపడితే వాడు రాసే అంకె తప్పు. వాణ్ణి చూసి పక్కవాడు రాసేది ఇంకా తప్పు. కాసేపట్లో అంకెలు ఆకాశాన్నంటుతాయి. ఉబ్బు పక్కవాడిని చేరేలోపే చప్పట్టు పడాలన్న ఈ షరతును కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే రాశారు, ఇప్పటి కంప్యూటర్లేవీ లేని రోజుల్లో. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పిల్లలు దూర దూరంగా నిలబడినా కుదరదు. కాంతి అల పొడవు 800 నానోమీటర్లయితే (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు), ఒక్కో అలకి 20 మంది చొప్పున మిల్లీమీటరుకు 25 వేల మంది కావాలి. కానీ ఉబ్బు చిన్నదేగా, దాని చుట్టూ ఉన్నవాళ్ళు చాలు. వెనకబడ్డవాళ్ళు లేచి ముందుకి పరుగెత్తి నిలబడతారు.

మా చిన్నప్పుడు మేం చేసింది అదే. ఎండిన కాలవలోకి కొత్త నీరు నురుగునీ ఎండుటాకుల్నీ తోసుకుంటూ వస్తుంటే, గట్టు మీద దానికంటే ముందు పరుగెత్తేవాళ్ళం. నాయనమ్మ నీళ్ళలో పసుపు కుంకుమ చల్లి దండం పెట్టి, జారి పడతార్రా అని మమ్మల్ని కేకలేసేది. లాకుల దగ్గర మూసిన తలుపులకి కొట్టుకుని నీరు వెనక్కి తన్నేది. లెక్కలోనూ వరస చివర అదే ప్రమాదం, అక్కడ గోడేమీ లేకపోయినా గోడకి తగిలినట్టు పల్స్ వెనక్కి తిరుగుతుంది. అందుకని అక్కడ దాన్ని మెల్లగా మింగేసే పొర పెడతారు. దానికి మంచి ఉపాయం 1994లో బెరాంజే అనే ఆయన చెప్పాడు.

ఒక్క మాట. తెర మీద బొమ్మ అందంగా ఉందని లెక్క ఒప్పనుకోకండి. పిల్లల్ని రెట్టింపు చేసి, చప్పట్లూ రెట్టింపు చేసి మళ్ళీ నడిపించాలి. బొమ్మ మారకపోతేనే నమ్మాలి. మారితే మొదటిది పారేయాలి, ఎంత కష్టపడి వేసిందైనా సరే.

ఇక ముద్ద లోపల గీతలు ఎందుకు కదులుతున్నాయని చిన్ని అడిగాడు. అవి అలలు నాన్నా, పదకొండు దాకా ఉంటాయి. గాజులో పోయేటప్పుడు అవి ముద్ద కంటే కాస్త వేగంగా పోతాయి. వెనక పుట్టి, ముద్దంతా దాటి, ముందు కొసన మాయమవుతాయి. ఇది చెబితే పట్టుబడదు, చూడాలి. గాలి లేని పొద్దున నాన్నని తీసుకుని నిలవ నీరున్న చెరువు దగ్గరికి వెళ్ళండి. గుప్పెడంత రాయి వేసి, వలయం మొత్తం మీద కాకుండా అందులో ఒక్క అల మీదే చూపు పెట్టండి. అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పోయిందో నాకు రాయండి. గట్టు మాత్రం దిగకండి.

మీ తాతయ్య