బండి అమ్మది, స్కానర్ ఎవరిది? డిజిటల్ చెల్లింపులపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో బ్యాంక్ మిత్రగా పనిచేస్తున్నాను. ఖాతాలు తెరవడం, వేలిముద్ర మీద డబ్బు ఇవ్వడం, బండ్లకు స్కానర్లు పెట్టించడం నా పని. రోజూ వినే మాటల్లో కొన్ని తప్పు, కొన్ని సగమే నిజం. వాటిని నమ్మి నష్టపోయేది ఎక్కువగా చిన్న వ్యాపారులు, కూలీలే కాబట్టి రాస్తున్నాను.

అపోహ: బండి మీద అమ్ముకునే ఆవిడకు ఖాతా ఉంది, బండికి స్కానర్ ఉంది. ఇక ఆమెకు బ్యాంకింగ్ అందినట్టే.

వాస్తవం: ముందు ఆ స్కానర్ ఎవరి ఖాతాకు కలిపారో అడగండి. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కూరలు, పూలు అమ్మే ఆడవాళ్లలో చాలామందికి అది కొడుకు నంబరుతోనో, భర్త నంబరుతోనో ఉంటుంది. "బండి నాదే తమ్ముడూ, ఫోను మావాడిది" అంటారు. పొద్దున్నుంచి ఎండలో కూర్చుని అమ్మిన డబ్బు అటు పోతుంది. నోట్లు తీసుకున్నన్నాళ్లూ కొంగున ముడేసుకునేది, ఎంత వచ్చిందో తెలిసేది. ఇప్పుడు మర్నాటి సరుకుకు కొడుకుని అడగాలి. ఇలా మారడం కంటే మారకపోవడమే ఆమెకు మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆమె పేరున 2014 తర్వాత తెరిచిన జన్‌ధన్ ఖాతా ఎక్కడో ఉండే ఉంటుంది. దాంట్లో కదలిక ఉండదు. ప్రపంచ బ్యాంకు 2021 లెక్కల ప్రకారం మన దేశంలో ఖాతా ఉన్నవారిలో 35 శాతం మంది ఏడాదిపాటు దాన్ని వాడనే లేదు. అప్పుకు వెళ్తే మేనేజరు ముందు చూసేది ఖాతాలో డబ్బు తిరుగుతోందా అనే. పాస్‌బుక్కు ఖాళీగా ఉంటే మళ్లీ డైలీ ఫైనాన్సే గతి. 10,000 అని చెప్పి 9,000 చేతిలో పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. పోయేది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికి లెక్కగడితే వడ్డీ దాదాపు 80 శాతం. 2015లో కాల్‌మనీ కేసులు, అంటే అధిక వడ్డీ అప్పుల పేరిట వేధించిన కేసులు, బయటపడ్డ ఊరు మనది, ఇంతకంటే చెప్పక్కర్లేదు. అదే వీధి వ్యాపారులకు కేంద్రం ఇప్పించే అప్పు పీఎం స్వనిధిలో మొదటి విడత 2020లో 10,000, ఇప్పుడు 15,000. వాయిదాలు సమయానికి కడితే వడ్డీలో 7 శాతం రాయితీ వస్తుంది, తర్వాతి విడత పెద్దదవుతుంది, డిజిటల్ అమ్మకాలకు క్యాష్‌బ్యాక్ కూడా ఉంది.

అందుకే ఆమె ఖాతాకు ఆమె సొంత నంబరు, ఆ ఖాతాకే స్కానర్. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ ఉంటే చదువు రాకపోయినా లెక్క తెలుస్తుంది. దాని నెల అద్దె ఎంతో ముందే అడగండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బుకు వ్యాపారి దగ్గర ఛార్జీ తీసుకోవడం 2020 జనవరి నుంచి లేదు, అద్దె వేరు.

అపోహ: ఫోన్‌పేలో డబ్బు తీసుకుంటే జీఎస్టీ నోటీసు వస్తుంది.

వాస్తవం: 2025లో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ లెక్కల ఆధారంగా నోటీసులు వెళ్లాక ఇక్కడా టెన్షన్ మొదలైంది. కొందరు స్కానర్ తీసేస్తామన్నారు. చట్టం చూసేది ఏడాది మొత్తం అమ్మకాలను, అందులో నగదూ కలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. టిఫిన్ బండి సేవల కిందికి వస్తుంది, అంటే రోజుకు సుమారు 5,500 అమ్మేదాకా భయం లేదు. తాజా కూరగాయలు, పండ్లు మాత్రమే అమ్మేవారికి ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాకపోతే చుట్టాలు పంపిన డబ్బు, చీటీ డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పడితే రేపు లెక్క చెప్పడం కష్టం. వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోండి.

అపోహ: నా వేలు నా దగ్గరే ఉంది, దాన్ని ఎవరు దొంగిలిస్తారు?

వాస్తవం: దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీవి తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు కాసేపు తీసి మళ్లీ వేయొచ్చు. నాలాంటివాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు కూడా రసీదు అడగండి. "సర్వర్ బిజీ, మళ్లీ వేలు పెట్టు" అంటే ముందు బ్యాలెన్స్ చూపించమనండి. డబ్బు కట్ అయి చేతికి రాకపోతే 5 రోజుల్లో తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 చొప్పున ఇవ్వాలి. ఇది 2019 నుంచి ఉన్న ఆర్‌బీఐ నిబంధన. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు చేరకపోతే గడువు మర్నాటి దాకానే.

అపోహ: స్మార్ట్‌ఫోన్ లేకపోతే కుదరదు.

వాస్తవం: మామూలు ఫోనులో స్టార్ 99 హ్యాష్ కొట్టినా, 2022లో వచ్చిన యూపీఐ 123పే వాడినా పని జరుగుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు.

అపోహ: నగదు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. పాల ప్యాకెట్ కొనాలన్నా నోటే కావాల్సి వచ్చింది. ఇంకో మాట. అడిగిన రోజు అడిగినంత చేతికి వస్తుందని తెలిస్తేనే పెద్దవాళ్లు ఖాతాలో డబ్బు ఉంచుతారు. పింఛను సొమ్ము పడ్డ రోజే మొత్తం తీసుకెళ్లే మామ్మగారు, రెండుమూడు నెలలు నా దగ్గర ఇబ్బంది లేకుండా తీసుకున్నాక, కొంత ఖాతాలోనే వదిలేయడం చూస్తున్నాను.

అపోహ: డబ్బు రావాలంటే పిన్ కొట్టాలి.

వాస్తవం: పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు. ఎవరైనా "పంపిస్తున్నా, పిన్ కొట్టు" అంటే ఫోను పెట్టేయండి. పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సొమ్ము అవతలి ఖాతా దాటకముందే ఆపే వీలుంటుంది. తర్వాత బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. మీ తప్పు లేకుండా బయటివాళ్లు కాజేసినట్టయితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారి మీద ఆ నష్టం పడకూడదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది.