అంబాసిడర్, పద్మిని బ్రేకులు: అపోహలు - వాస్తవాలు

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కానీ, బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని కానీ, పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి షూలు అనే వంపు ముక్కలు ఒత్తి ఆపేవి). చాలా బండ్లకు ఒకే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది), ఒకే సర్క్యూట్, అంటే ఒకే ఆయిల్ దారి. ఏ ఒక్క చక్రం దగ్గర వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలను తోసేది) లోపలి రబ్బరు కప్పు చిరిగినా నాలుగు బ్రేకులూ పోతాయి. అమెరికాలో కొత్త కార్లకు రెండు సర్క్యూట్లు 1968 నుంచి తప్పనిసరి. మన పాత బండిలో ఆ రెండో దారి లేదు. అందుకే ఈ బండ్ల గురించి షెడ్డుల్లో చెప్పుకునే కొన్ని మాటలను గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే చాలు.

ఇది మూసి ఉన్న వ్యవస్థ. ఇంజిన్ ఆయిల్‌లా బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యేది కాదు. డ్రమ్ బ్రేకుల్లో అడ్జస్ట్‌మెంట్ సరిగా చేస్తూ ఉంటే మట్టం దాదాపు కదలదు. కదిలిందంటే ఎక్కడో కారుతోంది. బ్యాక్ ప్లేటు (షూలు బిగించిన వెనక రేకు) కింది అంచు, టైరు లోపలి గోడ, మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ను తోసే కడ్డీ) బూటు, పైపు జాయింట్లు, ఈ వరసలో చూడండి. వీల్ సిలిండర్ రబ్బరు బూటును ఓ పక్కకి ఎత్తితే లోపల తడి కనిపిస్తుంది. బయట ఎక్కడా తడి లేకుండానే తగ్గుతుంటే, వాక్యూమ్ బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో పెడల్‌కు బలం చేర్చేది) ఉన్న బండిలో అది ఆయిల్‌ను ఇంజిన్‌లోకి లాగుతూ ఉండొచ్చు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ దానికి గుర్తు.

వెనక చక్రం దగ్గర కనిపించిన తడి బ్రేక్ ఆయిలా, యాక్సిల్ ఆయిలా అన్న అనుమానం వస్తే ఒక చుక్కను గ్లాసు నీళ్లలో వెయ్యండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. గేర్ ఆయిల్ పైన తేలుతుంది. తేలిందంటే పని యాక్సిల్ ఆయిల్ సీలు దగ్గర ఉంది. సీలు ఒక్కటే మార్చి ఊరుకోకండి. యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి వదిలే చిన్న రంధ్రం) మూసుకుపోయిందేమో, డిఫరెన్షియల్‌లో (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టెలో) ఆయిల్ మోతాదు మించిందేమో చూడకపోతే కొత్త సీలు కూడా కారుతుంది.

అపోహ: పెడల్ కిందికి పోతోందంటే గాలి చేరినట్టే, ఎయిర్ తీస్తే సరి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా చేయించేది ఈ మాటే. పెడల్ నాలుగు రకాలుగా కిందికి పోతుంది, నాలుగింటికీ కారణాలు వేరు. ఏదీ విప్పకముందే బండి ఆపి, కాలితో చూసుకోవచ్చు.

స్పాంజిలా మెత్తగా ఉండి, గబగబా నొక్కితే గట్టిపడితే గాలి ఉంది. మొదటి తొక్కులో బాగా కిందికి పోయి, రెండో తొక్కులో పైకొచ్చి రాయిలా నిలబడితే గాలి కాదు, షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైంది. అడ్జస్టర్ (ఆ సందును సరిచేసే మర) తిప్పితే సరిపోయే ఈ పనికి రోజంతా ఎయిర్ తీస్తూ కూర్చుంటారు. హ్యాండ్ బ్రేక్ వదిలి, చక్రం లేపి, షూ డ్రమ్మును పట్టేదాకా అడ్జస్టర్ తిప్పండి. పెడల్ ఒకసారి తొక్కి షూలు నడిమధ్యకు కూర్చున్నాక, చక్రం తేలిగ్గా తిరిగేదాకా ఒకటి రెండు నొక్కులు వెనక్కి వదలండి. అంబాసిడర్ ముందు చక్రానికి రెండు షూలకూ విడివిడిగా అడ్జస్టర్లు ఉంటాయి. ఒకటి తిప్పి రెండోది మరిచిపోతే బండి పక్కకి లాగుతుంది.

మూడోది: గట్టిగానే ఉన్న పెడల్ కాలు అలాగే ఉంచితే మెల్లమెల్లగా దిగిపోవడం. బయట ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు ఆయిల్‌ను వెనక్కి వదులుతోంది. దీన్ని రూఢి చేసుకోవడానికి మాస్టర్ సిలిండర్ బయటికెళ్లే దారిని సరైన మరతో ఉన్న ఇత్తడి బిరడాతో మూసి పెడల్ తొక్కండి. అప్పటికీ దిగితే లోపం అక్కడే. దిగకపోతే మాస్టర్ సిలిండర్ జోలికి వెళ్లొద్దు, పైపుల్లోనో చక్రాల దగ్గరో వెతకండి. నాలుగోది, అడ్డు లేకుండా ఒక్కసారిగా అడుగుకి పడిపోవడం. పైపో, హోసో, కప్పో పూర్తిగా పోయింది. ఆ బండిని నడిపి షెడ్డుకు తీసుకెళ్లకూడదు, తాడు కట్టి కూడా లాగకూడదు. ట్రక్కు మీద ఎక్కించాలి.

అపోహ: ఎయిర్ తీసేటప్పుడు పెడల్ అడుగుకంటా గట్టిగా కొట్టాలి.

ఏళ్ల తరబడి వాడిన మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే భాగం నున్నగా, ఎప్పుడూ చేరని చివరి భాగం తుప్పుతో, మడ్డితో గరుకుగా ఉంటుంది. పెడల్ అడుగుకి కొడితే కప్పు ఆ గరుకు మీదికెళ్లి చిరుగుతుంది. "నిన్న ఎయిర్ తీయించాం, ఇవాళ మాస్టర్ సిలిండర్ పోయింది" అనే ఫిర్యాదు వెనక తరచూ ఉండేది ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచి ఉంచండి. ఒకరు నిదానంగా తొక్కిపట్టాలి, ఇంకొకరు నిపిల్ వదిలి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. మన కుడి స్టీరింగ్ బండ్లలో సాధారణంగా అది ఎడమ వెనక చక్రం. రిజర్వాయర్ సగానికి దిగకముందే నింపుతూ ఉండండి. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి వాడొద్దు.

అపోహ: ఏ ఆయిల్ అయినా బ్రేక్ ఆయిలే.

ఇంజిన్ ఆయిల్‌గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్‌గానీ కొద్దిగా కలిసినా రబ్బరు కప్పులు ఉబ్బి సిలిండర్లో ఇరుక్కుపోతాయి. అప్పుడు కప్పులు, హోసులు అన్నీ మార్చి పైపులు కడగాల్సిందే. బ్రేక్ ఆయిల్‌లోనూ డాట్ అనే గ్రేడుల తేడాలున్నాయి. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కి 230. నీరు పీల్చుకున్నాక ఇవి వరసగా 140, 155కి పడిపోతాయి. ఈ రెండూ గ్లైకాల్ రకం. గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరగకుండా షెడ్డులోనే ఉన్నా రెండేళ్లకోసారి మార్చాలి. మూత తీసిన డబ్బాను వచ్చే ఏడాదికని దాచుకోకండి. డాట్ 5 సిలికాన్ రకం, దీన్ని డాట్ 3, 4లతో కలపకూడదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాలే. పేరు చూసి పొరబడేవాళ్లు చాలామంది. ఇంకో మాట, గ్లైకాల్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

అపోహ: చక్రం జామ్ అయితే షూ స్ప్రింగు మార్చాలి.

ముందు ఆయిల్ ఎక్కడ చిక్కుకుందో కనుక్కోండి. చక్రం పట్టేసి ఉండగా మాస్టర్ సిలిండర్ దగ్గరి యూనియన్ (పైపును బిగించే నట్టు) కొద్దిగా వదలండి. చక్రం వదిలేస్తే తప్పు మాస్టర్ సిలిండర్‌ది. చాలాసార్లు పుష్‌రాడ్‌కి సందు లేక, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. అక్కడ సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. యూనియన్ వదిలినా చక్రం వదలకపోతే ఆ చక్రం నిపిల్ తిప్పండి. ఇప్పుడు వదిలితే రబ్బరు హోసు లోపల ఉబ్బి పూడిపోయింది. బయటికి కొత్తదానిలా కనిపించే హోసు కూడా ఇలా అవుతుంది. తొక్కినప్పుడు బలంగా వచ్చే ఆయిల్ దాటుతుంది, స్ప్రింగు బలానికి వెనక్కి రాలేదు. నిపిల్ తిప్పినా వదలకపోతేనే స్ప్రింగులు, బిగుసుకున్న పిస్టన్, హ్యాండ్ బ్రేక్ కేబుల్ చూడాలి.

అపోహ: ఆయిల్ పట్టిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితం రుద్దితే సరి.

లైనర్ (షూ మీద అతికించిన రాపిడి పొర) లోపలికి పీల్చుకున్న ఆయిల్ బ్రేకు వేడెక్కగానే మళ్లీ పైకొస్తుంది. మార్చడమే మందు, అదీ ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా. డ్రమ్ము లేత్ పట్టించినా జతగానే పట్టించాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదడం ఆ షెడ్డులో పనిచేసే కుర్రాళ్ల ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్యండి.

అపోహ: బ్రేకులు బాగుంటే ఘాట్ రోడ్డులో ఇబ్బందే లేదు.

తిరుమల, అరకు, శ్రీశైలం దిగేటప్పుడు పెడల్ మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకి దూరమవుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, పాత ఆయిల్ అయితే మరిగి బుడగలొస్తాయి. ఆయిల్ చుక్క కారకుండానే బ్రేకు పోతుంది. చల్లారాక అన్నీ బాగానే ఉంటాయి కాబట్టి షెడ్డులో తప్పు దొరకదు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వెయ్యండి. బ్రేకు కొద్దిసేపు గట్టిగా వేసి, పూర్తిగా వదలండి.

అపోహ: రాగి పైపు వేస్తే తుప్పు సమస్యే ఉండదు.

మామూలు రాగి అదురుకు గట్టిపడి పగులుతుంది. స్టీలు పైపు గానీ, రాగి-నికెల్ పైపు గానీ వాడండి.

పని పూర్తయ్యాక పెడల్‌ను బలంగా ఒక నిమిషం తొక్కిపట్టండి, ఇంకొకరు టార్చితో ప్రతి జాయింటూ చూడాలి. ఖాళీ స్థలంలో 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి పది పన్నెండుసార్లు ఆపి చూడండి. దిగి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టకుండా వేడి ఆనవాలు పట్టండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది పట్టేస్తోంది, చల్లగా ఉంటే పనిచేయడం లేదు. కొత్త లైనర్లు వేసిన బండికి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అడ్జస్టర్లు మళ్లీ తిప్పాలి.