"నాకు గొంతు లేదండీ" అనేవాళ్లకు: బృందగానం గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం సాయంత్రం బెజవాడలో మా సత్యనారాయణపురం హాల్లో ప్రాక్టీసు మొదలయ్యేసరికి ఒకావిడ మెట్ల దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మంటే, "మా అత్తయ్య గారిని దింపడానికి వచ్చానండీ, నాకు గొంతు లేదు" అంది. గొంతు లేకపోతే ఈ మాట ఎలా అన్నారమ్మా అని అడుగుదామనుకున్నాను గానీ, ఆ మొహంలో బెరుకు చూసి ఊరుకున్నాను. మా పేటలో పదకొండేళ్లుగా బృందగానం నడుపుతున్నాను. పిల్లలు దాన్ని క్వయర్ అంటారు, ఏదైతేనేం. ఈ పదకొండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

అపోహ: శ్రుతి పుట్టుకతో రావాలి. నాకు రాలేదు.

ముందు నిజంగా ఉన్న లోపం సంగతి చెప్పేస్తాను. స్వరాల మధ్య తేడా చెవికి పట్టని స్థితి ఒకటుంది, దాన్ని అమ్యూజియా అంటారు. అది నూటికి ఒకరిద్దరికి, మహా అయితే నలుగురికి ఉంటుందని పరిశోధకుల అంచనా. అలాంటివాళ్లు బాగా తెలిసిన పాటను కూడా మాటలు తీసేసి వట్టి వాద్యం మీద వాయిస్తే గుర్తుపట్టలేక ఇబ్బంది పడతారు. పెళ్లి బ్యాండులో సన్నాయి జారితే మీకు చిరాకు వేస్తుందా? అయితే మీ చెవికేం కాలేదు.

మరి పాడితే ఎందుకు కుదరదు? చాలామంది విషయంలో జవాబు ఒక్కటే: మీది కాని శ్రుతిలో పాడుతున్నారు. సినిమా పాట ఫోన్‌లో పెట్టుకుని దానితోపాటు పాడతారు. ఆ పాట సినిమా గాయకుడి గొంతుకు కట్టిన శ్రుతిలో ఉంటుంది. చరణంలో ఆయన సునాయాసంగా తారస్థాయికి వెళ్తే, మన గొంతు అక్కడ పిసికినట్టవుతుంది. అంతే, "నాది కాకి గొంతు" అని తీర్పు ఇచ్చేసుకుంటారు. పదిమంది నవ్వితే ఆ తీర్పు జీవితఖైదు. నలభై ఏళ్లు నోరు విప్పని వాళ్లను చూశాను నేను.

శ్రుతి అంటే పాటకు ఆధారమైన షడ్జం, అంటే "స", ఎంత ఎత్తులో ఉందో చెప్పేది; అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మగవాళ్లకు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి సుఖంగా ఉంటుంది, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఐదున్నర. ఇద్దరినీ ఒకే పాటలో కూర్చోబెట్టడమే మా తలనొప్పి. ఒకటి శ్రుతిలో పెడితే ఆడవాళ్ల మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు, వినపడదు. ఐదులో పెడితే పై షడ్జం దగ్గర మగవాళ్ల మెడనరాలు ఉబ్బుతాయి. దీనికి అందరూ ఒప్పుకునే అంకె ఏదీ లేదు. పాటలో అన్నిటికన్నా కింది స్వరం ఏది, పై స్వరం ఏది చూసి, దాన్నిబట్టి శ్రుతి కిందికో పైకో జరపాలి. అలా జరపడం పాట నడిపించేవాళ్ల పని. కుదరకపోతే తప్పు వాళ్లది, పాడేవాళ్లది కాదు. ఈ మాట నేను ఒట్టినే అనడం లేదు, ఆ తప్పు నేనే చేశాను.

రైల్వేలో గార్డుగా రిటైరైన ఒక బాబాయి గారు మా దగ్గర చేరారు. అప్పుడు మా దగ్గర ఆడవాళ్లే ఎక్కువ, అన్నీ ఐదు శ్రుతిలో పాడేవాళ్లం. ఈయన ఒక్కరూ ఎక్కడో కింద పలికేవారు. పక్కవాళ్లు నవ్వారు. నేనూ "కాస్త మెల్లగా పాడండి బాబాయి గారూ" అన్నాను. "నా గొంతు గూడ్సు బండి హారనమ్మాయ్, నాకు తెలుసు" అని ఆయనే నవ్వేశారు. ఆ తర్వాత రావడం మానేశారు. మూడు వారాల తర్వాత అప్పటి రికార్డింగ్ వింటుంటే అనుమానం వచ్చింది. హార్మోనియం తీసి చూసుకున్నాను. మేం షడ్జం పట్టుకున్న ప్రతిచోటా ఆయన మంద్ర పంచమం, అంటే కింది "ప", పట్టుకున్నారు. పల్లవి నుంచి చివరిదాకా అదే దూరం, ఎక్కడా చెదరలేదు. మా ఐదు శ్రుతిలో ఆ "ప" ఉన్నచోటే రెండు శ్రుతి షడ్జం ఉంటుంది. అంటే ఆ మనిషి రెండు శ్రుతిలో పాట మొత్తం తప్పులేకుండా పాడారు, మా హోరులో నిలబడి! అపశ్రుతి ఆయనది కాదు, ఆయన గొంతు చూడకుండా శ్రుతి పెట్టింది నేను.

వాళ్లింటికి వెళ్లి, శ్రుతి పెట్టె రెండులో పెట్టి పాడించాను. గొంతు గరుకే, కానీ ప్రతి స్వరం చోటులో ఉంది. పిన్ని గారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. ఇప్పుడు కొన్ని పాటలు మూడుకు దించాం, కొన్నిట్లో చరణాలు ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి పంచాం. గుంటూరు నుంచి మా వీధికి కోడలిగా వచ్చిన ఒకమ్మాయి అక్కడ చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది వరస, పాడేదట. పాటకు కింద ఇంకో వరస కట్టడం ఆ పిల్లే మాకు నేర్పింది. బాబాయి గారి లాంటి గొంతులకు అందులో మంచి పని దొరికింది.

ఇంట్లో చేసుకోవాలంటే: ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకోండి, సినిమా పాట వద్దు. మామూలుగా మాట్లాడే ఎత్తులో "ఆ" అని పట్టి, ఒక చెవి అరచేత్తో మూసుకోండి. మీ గొంతు మీకు స్పష్టంగా వినిపిస్తుంది. మెల్లగా పైకి జరుపుతూ వెళ్తే ఒకచోట తంబురాలో కలిసిపోయి గరగర ఆగుతుంది. అదే షడ్జం. రోజూ 5 నిమిషాలు చాలు. రికార్డు చేసుకుని విని కంగారు పడకండి. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, రికార్డింగులో ఆ భాగం ఉండదు. అందుకే ఎవరిదో గొంతులా ఉంటుంది. అందరికీ అంతే.

ఈ భయానికి మన ఊరి గొప్పతనం కూడా కొంత కారణమేమో అనిపిస్తుంది నాకు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర బాలమురళీకృష్ణ గారు నేర్చుకున్న బెజవాడ ఇది. పాట అంటే కచేరీయే అని మనకు నాటుకుపోయింది. కానీ 1948లో మొదలైన ఇక్కడి రేడియో స్టేషన్ భక్తిరంజని వింటూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ గొంతు కలిపిన అమ్మమ్మలు ఏ పరీక్షా రాయలేదు కదా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

స్వరం చదవడం రావాలా? అక్కర్లేదు. మా దగ్గర సగం మంది విని పట్టుకుంటారు.

మిరియాల పాలు తాగితే గొంతు తెరుచుకుంటుందా? మింగింది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. తాకితే పొలమారుతుంది. హాయిగా ఉంటుందంటే తాగండి, మా బెల్లం టీ కూడా అందుకే. అసలు పనికొచ్చేది రోజంతా నీళ్లు తాగడం, మన మే నెలలో మరీను. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం చిట్కాలు కట్టిపెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

సినిమా పాట పాడితే కేసు పెడతారట! వాట్సాప్‌లో ఎవరో పెడతారు, మా వాళ్లకు నిద్ర పట్టదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఔత్సాహికుల సంఘం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు పాడితే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టినా, వీడియో యూట్యూబ్‌లో ఎక్కించినా లెక్క వేరు.

మైకు సంగతి మాత్రం అపోహ కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట పెట్టకూడదు. మేం ప్రాక్టీసుకు అసలు మైకే వాడం.

పాడనివాళ్లకు ఇక్కడేం పని అంటారు. అయ్యో, పనులకేం కొదవ! పాటల కాగితాలు పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీయించాలి, కుర్చీలు వేయాలి, డెబ్బై దాటినవాళ్లను చీకటి పడ్డాక ఆటో ఎక్కించాలి. చందా రాసి వెళ్లిపోయేవాళ్లకు దండం పెడతాను, హాలు అద్దె దాంతోనే కడుతున్నాం. కానీ నెలకు ఒక్క శనివారం వచ్చి కుర్చీలో కూర్చుని వినేవాళ్లు ఇంకా కావాలి. ఎదురుగా నాలుగు మొహాలు కనపడితే మావాళ్లు తల ఎత్తి పాడతారు, లేకపోతే కాగితంలోకి పాడతారు.

శనివారం సాయంత్రం ఆరింటికి. చేరడానికి ముందు ఎవరి గొంతూ పరీక్షించను, శ్రుతి మాత్రం వెతుకుతాను. హాలు మేడ మీద. రెండో మెట్టు విరిగింది, చూసి ఎక్కండి.