తెగిన రింగు గాలిని ఎలా ఆపుతుంది?

అమలాపురం వైపు నుంచి ఒక పాఠకుడు రాశారు. కాలువ నీటిని చేలోకి తోడే 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజనును ఇంటి దగ్గరే విప్పి, కొత్త పిస్టను, రింగులు ఎక్కిస్తున్నారట. రింగును లైనరులో (పిస్టను కదిలే గొట్టంలో) పెట్టి చూస్తే రెండు కొసల మధ్య సందు కనిపించింది. "గాలి పోకూడదనే కదా రింగు వేసేది? మరి దానికే సందు ఎందుకు వదిలారు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నలు వస్తే నాకు పండుగే. నాలుగు స్ట్రోకుల పాఠం, హెడ్డు విప్పే వరుస ఎక్కడైనా దొరుకుతాయి. వాటిని వదిలేసి నేరుగా రింగు దగ్గరికి వెళదాం.

రింగును పోత ఇనుముతో, బోరు (లైనరు లోపలి వ్యాసం) కంటే కాస్త పెద్దగా చేసి, ఒకచోట కోస్తారు. నొక్కి లోపలికి దూర్చితే విచ్చుకోవాలని చూస్తుంది. ఆవిరి ఇంజన్ల కోసం ఈ ఉపాయం కనిపెట్టినవాడు ఇంగ్లండు రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్. అది 1852 ప్రాంతం, అంటే ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన కాలమే. అంతకుముందు పిస్టను చుట్టూ జనపనార కూరేవారు.

ఆ బిగువే గాలిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. రింగు తన బిగువుతో లైనరును నొక్కేది చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు అటూ ఇటూ. డీజిల్ మండినప్పుడు పిస్టను మీద పుట్టే ఒత్తిడి 60 కిలోల దాకా వెళుతుంది. రెండు కిలోలు అరవైని ఎలా ఆపుతాయి? ఆపవు. ఆ అరవయ్యే తనను తాను ఆపుకుంటుంది.

పిస్టను మీద రింగు కూర్చునే గాడి వెడల్పు రింగు మందం కంటే మిల్లీమీటరులో పదో వంతుకు లోపుగా ఎక్కువ ఉంటుంది. మంట ఒత్తిడి రింగును గాడి కింది గోడకు అదుముతుంది. అప్పుడు పైన మిగిలిన సన్న సందులోంచి వాయువు రింగు వెనక్కి చేరి, దాన్ని లైనరు మీదికి నెడుతుంది. 80 మి.మీ. బోరు, 2 మి.మీ. మందం ఉన్న రింగుకు వెనక వైశాల్యం సుమారు 4.5 చదరపు సెంటీమీటర్లు. అరవైతో గుణిస్తే 270 కిలోలు! ముందు నుంచి ఎదురు తోసే వాయువు కింద సగం తీసేసినా వంద కిలోలు దాటుతుంది.

డెల్టావాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు, మన కాలువల లాకుల్లో ఉన్నదే. లాకు తలుపులు రెండూ ఎగువకు కోణం పెట్టి కలుస్తాయి. మనిషి వాటిని ఆనించడం వరకే చేస్తాడు, బిగించేది ఎగువ నీరే. మట్టంలో తేడా పెరిగేకొద్దీ మూత బిగుస్తుంది. రింగు సొంత బిగువు చేసేది కూడా ఆ తొలి ఆనింపే. తలుపుల మధ్య గుర్రపుడెక్క ఇరుక్కుంటే అవి కలవవు. గాడిలో గట్టిపడిన మసి చేసే పని అదే, అందుకే పాత పిస్టను వాడేవాళ్లు విరిగిన రింగు ముక్కతో దాన్ని గీకి తీయాలి (అల్యూమినియం లేవకుండా!). గడప అరిగిపోయిన లాకుకు కొత్త తలుపులు పెట్టినా నీరు కారుతుంది. గాడి కింది గోడ అరిగిన పిస్టనుకు కొత్త రింగులు వేయడమూ అంతే, డబ్బు దండగ. రెండు వైపులా మట్టం సమానమైతే తలుపులు వదులవుతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. తిరగేసి వేసిన రింగు దగ్గర మాత్రం ఈ పోలిక పనికిరాదు. వాలు అంచు ఉన్న రింగును గుర్తు కిందికి పెట్టి వేస్తే అది ఆయిలును కిందికి గీకడానికి బదులు పైకి తోడుతుంది, నీలం పొగ వస్తుంది.

ఇక సందు. 80 మి.మీ. రింగు చుట్టుకొలత 251 మి.మీ. పోత ఇనుము డిగ్రీకి పది లక్షల్లో 11 వంతులు సాగుతుంది. రింగు లైనరు కంటే 80 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.22 మి.మీ. పెరుగుతుంది. ఆ చోటు లేకపోతే కొసలు ఢీకొని లైనరును గీస్తాయి, లేదా రింగే విరుగుతుంది. అందుకే 100 మి.మీ. బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. సందు అనే వాడుక. లీకు సంగతా? 0.35 మి.మీ. సందు, పిస్టనుకూ లైనరుకూ మధ్య 0.4 మి.మీ. ఎడం అనుకుంటే దారి 0.14 చదరపు మి.మీ., పిస్టను తల వైశాల్యంలో ముప్ఫై వేల వంతు కూడా కాదు. పైగా నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో ఒక స్ట్రోకుకు పట్టేది సెకనులో యాభయ్యో వంతు. పారిపోవడానికి వాయువుకు తీరికేదీ?

సందును ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలుచని రేకులతో) లైనరు అడుగున, అరగని చోట కొలవాలి. రింగు వంకరగా నిలవకుండా పిస్టనును తలకిందులు చేసి దాంతోనే లోపలికి నెట్టాలి. అదే రింగును పైకి జరిపితే లైనరు అరుగుదల కూడా తెలుస్తుంది: వ్యాసం 0.1 మి.మీ. పెరిగితే సందు 0.31 పెరుగుతుంది. ఇక్కడ లెక్కల్లోని పై (π) మనకు ఉచితంగా భూతద్దం ఇస్తోంది. సందు ఒక మిల్లీమీటరు పెరిగిందంటే లైనరు 0.3 దాకా అరిగినట్టే.

ఒక్కో రింగు సందును పక్క రింగు సందుకు 120 డిగ్రీల తేడాతో పెట్టమంటారు, పెట్టండి. కానీ ఆ స్థానాలకు ముహూర్తమంత పట్టింపు అక్కర్లేదు, నాలుగు స్ట్రోకుల ఇంజనులో రింగులు గాడిలో నెమ్మదిగా తిరుగుతూనే ఉంటాయి. బిగించాక కొబ్బరికాయ కొట్టినా నష్టం లేదు. నష్టం చేసే ఆచారం వేరే ఉంది: కొత్త రింగులు పాపమని లోడు లేకుండా గంటల తరబడి మెల్లగా తిప్పడం. అప్పుడు మంట ఒత్తిడి తక్కువ, రింగు వెనక నెట్టేది తక్కువ, మట్టంలో తేడా లేని లాకు తలుపుల్లాగే రింగు వదులుగా ఉంటుంది. హోనింగు గీతలు (లైనరు లోపల కావాలని గీసిన సన్న గీతలు) రింగుతో ఒరుసుకునేలోపే ఆయిలు వాటిలో వార్నిషులా పేరుకుంటుంది, లైనరు అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి మురిసిపోకండి. కాస్త వేడెక్కగానే పంపుకు తగిలించి, మొదట సగం లోడు, తర్వాత ఇంకొంచెం పెంచుతూ నీళ్లు తోడించండి.

అన్నిటికంటే కింద ఉండే ఆయిల్ రింగు మాత్రం వేరే జాతి. గీకిన ఆయిలు లోపలికి జారడానికి దాని గాడి వెనక చిల్లులుంటాయి కాబట్టి అక్కడ ఒత్తిడి నిలవదు. దాని బిగువును అదే తెచ్చుకోవాలి, అందుకే చాలా వాటిలో వెనక చుట్ట స్ప్రింగు పెడతారు. ఎక్కించేటప్పుడు ఆ స్ప్రింగు అతుకును రింగు సందుకు సరిగ్గా ఎదురుగా ఉంచండి.