చుట్ట ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్

టంగుటూరు, కొండపి వైపు పొగాకు పండించే ఊళ్లలో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే ముందు వచ్చే ప్రశ్న "చుట్టలు తాగుతారా?" అనే. మా పెద్దమ్మ విషయంలోనూ అదే అడిగారు. ఆమె ఎన్నడూ చుట్ట ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని నెలలు గడిచాయి. చివరికి బయాప్సీలో అడినోకార్సినోమా అని, అంటే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకమని తేలింది.

ఈ జబ్బుకు అతి పెద్ద కారణం పొగ తాగడమే. అయినా తాగనివాళ్లకూ వస్తుంది. అలాంటివాళ్లలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మార్పు దాదాపు ఎప్పుడూ ఊపిరితిత్తి కణంలో పుట్టేదే, వంశంలో దిగేది కాదు. పిల్లలకూ వస్తుందేమోనని మా అన్న పడ్డ టెన్షన్ ఈ మాటతోనే తగ్గింది.

ఈ జన్యువు నుంచి తయారయ్యే ఈజీఎఫ్ఆర్ ప్రోటీన్‌ని బోరు మోటారు స్టార్టర్ అనుకోండి. బయటి నుంచి సంకేతం అందితేనే కణాన్ని పెరగమంటుంది. స్టార్టర్‌లో కాంటాక్టులు అతుక్కుపోతే ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు కదా, ఇక్కడా అంతే. జన్యువులోని భాగాలను ఎక్సాన్‌లు అంటారు. 19వ ఎక్సాన్‌లో చిన్న ముక్క ఊడిపోవచ్చు, లేదా 21వ ఎక్సాన్‌లో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్‌లో 858వ స్థానాన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆర్జినిన్ అనే మరొకటి చేరవచ్చు. ఇక సంకేతం లేకపోయినా కణం చీలుతూనే ఉంటుంది. జెఫిటినిబ్ లాంటి మాత్ర ఆ ప్రోటీన్ శక్తి తీసుకునే గుంటలో కూర్చుని దాన్ని ఆపుతుంది.

జెఫిటినిబ్ 2002లో జపాన్‌లో మొదట వచ్చినప్పుడు కొందరికే ఎందుకు బాగా పనిచేస్తోందో తెలియలేదు. ఈ జన్యు మార్పే కారణమని 2004లో బయటపడింది. ఈ మాత్రను కీమోతో పోల్చి చూసిన ఐపాస్ అనే అధ్యయనం 2009లో వెలువడింది. అందులో మార్పు ఉన్నవాళ్లలో నూటికి 71 మందికి ఈ మాత్రతో గడ్డ తగ్గింది, కీమోతో 47 మందికి. మార్పు లేనివాళ్లలో మాత్రతో తగ్గింది నూటికి ఒక్కరికే, కీమోతో 23 మందికి. "పొగ తాగలేదుగా, ఈ మాత్ర వేసి చూద్దాం" అనడం ఎంత ప్రమాదమో ఇందులోనే ఉంది. ముందు పరీక్ష చేయించాలి. బయాప్సీ ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. ఆ బ్లాక్‌ని జన్యు పరీక్షకు పంపమని అడగండి.

వ్యాధి పాకిపోయాక ఈ మాత్ర దాన్ని అదుపులో పెడుతుందే కానీ పూర్తిగా తీసెయ్యదు. జెఫిటినిబ్ వాడుతున్నవాళ్లలో దాదాపు సగం మందికి కొంతకాలానికి అదే ప్రోటీన్‌లో 790వ స్థానంలో మరో మార్పు వచ్చి మందు పట్టు జారుతుంది. దాన్నీ ఎదుర్కొనే ఒసిమెర్టినిబ్ 2015లో వచ్చింది, ఇప్పుడు చాలామందికి మొదటే ఇస్తున్నారు. అది ఖరీదైన మందు. అందుకే ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2019లో చూపినది మనకు విలువైనది: జెఫిటినిబ్‌కి కీమో కలిపితే వ్యాధి ముదరకుండా ఉండే కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది.

మాత్ర మొదలుపెట్టాక పెద్దమ్మ ముఖం మీద మొటిమల్లాంటివి లేచాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి, రెండు రోజులు మాత్ర మానేసింది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికీ ఈజీఎఫ్ఆర్ కావాలి, అందుకే అలా లేస్తాయని డాక్టరు చెప్పాక పూత మందు రాసుకుంటూ మళ్లీ వేసుకుంది.