జారేది ఎక్కడ? సైకిలు తొక్కేవారి డ్రాయరు సంగతి

సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టిన రెండో వారంలో చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "గజ్జల్లో ఒరుసుకుపోయి మండుతోందండీ, ఎలాంటి డ్రాయరు వేసుకోవాలి?" జవాబు చెప్పేవాళ్ళకి మాత్రం ఏ మొహమాటమూ ఉండదు. "కాటన్ వేసుకో, గాలాడుతుంది" అని తేల్చేస్తారు. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి అది మంచి సలహాయే. సైకిలు తొక్కేవారికి సగమే పనికొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. ఊళ్ళో తాపీగా తొక్కినా పెడళ్ళు నిమిషానికి సుమారు 70 చుట్లు తిరుగుతాయి. అరగంట ప్రయాణమంటే 2,100 చుట్లు. ఒక్కో చుట్టులో తొడ లోపలివైపు సీటు ముక్కుని ఒకసారి పైకి వెళ్తూ, ఒకసారి కిందికి వస్తూ రాసుకుంటుంది. అంటే ఒక్కో తొడకి 4,200 రాపిళ్ళు. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా కలిపితే 8,400. చేత్తో తడిమితే తెలియనంత సన్నని కుట్టు కూడా ఇన్నిసార్లు ఒకేచోట తగిలితే పుండు పడుతుంది.

ఇక అసలు విషయం. తొడ కదులుతుంది, సీటు కదలదు. ఈ రెంటి మధ్య చర్మం, డ్రాయరు, ప్యాంటు వరుసగా ఉన్నాయి. ఆ కదలికని ఏ గుడ్డా ఆపలేదు. ఎక్కడో ఒకచోట జారుడు జరిగి తీరాలి. అది ఏ రెండు పొరల మధ్య జరగాలో నిర్ణయించడమొక్కటే మన చేతిలో ఉన్న పని.

ఒక పేకకట్ట బల్లమీద పెట్టి, అరచేత్తో పైనుంచి నొక్కుతూ పక్కకి తోయండి. కట్టలో ఏ రెండు ముక్కల మధ్య ఘర్షణ అన్నిటికంటే తక్కువో అక్కడే జారుతుంది. ఆ సందుకి పైనున్న ముక్కలన్నీ కలిసి అరచేత్తో పాటు కదులుతాయి, కిందివన్నీ కలిసి బల్లమీదే ఉండిపోతాయి. పైనుంచి నొక్కే బలం అన్ని ముక్కలగుండా ఒకేలా దిగుతుంది కాబట్టి, జారే చోటుని తేల్చేది ఘర్షణ గుణకం (రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే అంకె) ఒక్కటే. మధ్యలో ఎక్కడైనా ఒకచోట కాస్త సుద్దపొడి చల్లితే జారుడు అక్కడికి మారిపోతుంది. ముక్కలన్నిటినీ తడిపి అంటుకునేలా చేస్తే? అప్పుడు ఏ సందులోనూ జారదు. తోసే కొద్దీ ముక్కలే వంగుతాయి, చివరికి చిరుగుతాయి. మన కట్టలో అన్నిటికంటే మెత్తని ముక్క చర్మం.

దీన్నిబట్టి మంచి డ్రాయరు లక్షణం తేలిపోయింది. అది చర్మాన్ని అంటిపెట్టుకుని, తొడతో పాటే కదలాలి. జారుడంతా దాని బయటివైపున, ప్యాంటు లోపలివైపున జరగాలి. గుడ్డ మీద గుడ్డ ఎన్ని వేలసార్లు జారినా మనకి నొప్పి లేదు.

ఘర్షణ గురించి బడిలో చెక్కదిమ్మె లాగించి చెబుతారు. తగిలే వైశాల్యం ఎంతైనా ఘర్షణ మారదని బట్టీ పట్టిస్తారు. ఫ్రాన్సులో అమాంటన్ 1699లో చెప్పిన సూత్రమది, చెక్కకీ ఇనుముకీ బాగానే సరిపోతుంది. చర్మం దానికి లొంగదు, ఆ మాట మాత్రం ఏ తరగతిలోనూ చెప్పరు. చర్మం పైన మృతకణాల పొర చాలా చోట్ల మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు మందం ఉంటుంది. చెమటకి అది నీరు పీల్చి ఉబ్బి, మెత్తబడి, గుడ్డ పోగుల మధ్యకి ఒదుగుతుంది. తగిలే వైశాల్యం పెరుగుతుంది, దాంతో ఘర్షణా పెరుగుతుంది. బాగా తడిసిన చర్మానికీ గుడ్డకీ మధ్య ఘర్షణ పొడి చర్మంతో పోలిస్తే రెట్టింపు దాటుతుంది.

ఇప్పుడు కాటన్ సంగతి. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో 100 గ్రాముల పొడి నూలు సుమారు 8.5 గ్రాముల నీటి ఆవిరిని తనలోకి తీసుకుంటుంది. నైలాన్ 4 గ్రాములు, పాలిస్టర్ 0.4 గ్రాములు. పత్తిలోని సెల్యులోజ్ అణువుల నిండా హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి, అవి నీటి అణువుల్ని పట్టుకుంటాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు ఇది వరమే, కొద్దిపాటి చెమట ఆవిరిని గుడ్డే మింగేస్తుంది. ఎండలో తొక్కేవారికి గంటకి అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోయవచ్చు. డ్రాయరు బరువే 70, 80 గ్రాములు. అది తాగగలిగింది తాగేశాక పోగులు ఉబ్బుతాయి, అల్లికలోని సందులు నీటితో నిండుతాయి, గాలాడడం ఆగిపోతుంది. తడిసిన కాటన్ చర్మానికీ అంటుకుంటుంది, ప్యాంటుకీ అంటుకుంటుంది. పేకకట్టలో ముక్కలన్నీ తడిశాయన్నమాట.

పాలిస్టర్, నైలాన్ పోగులు కాటన్ అంతగా నీళ్ళు తాగవు. చెమట పోగుల మధ్య సందుల్లోంచి కేశనాళికల్లో (వెంట్రుకంత సన్నని గొట్టాల్లో) నీరు ఎక్కినట్టే పాకి బయటివైపుకి చేరుతుంది. సందు ఎంత సన్ననైతే లాగుడు అంత బలంగా ఉంటుంది. డ్యూపాంట్ కంపెనీ 1980ల్లో తెచ్చిన కూల్‌మాక్స్ పోగుని గుండ్రంగా కాకుండా పొడవునా గాడులతో చేసింది ఇందుకే. అయితే పాలిస్టర్‌కి స్వతహాగా నీరంటే పడదు. నీరు పాకాలంటే దాని మీద నీటిని ఇష్టపడే పూత వెయ్యాలి. చవకరకం గుడ్డకి ఆ పూత లేకుండానే "డ్రైఫిట్" అని ముద్ర వేసి అమ్మేస్తారు. దీనికి పరీక్ష సులువు: గుడ్డ లోపలివైపు ఒక నీటిచుక్క వెయ్యండి. మూడు నాలుగు సెకన్లలో పరుచుకుని మచ్చలా విస్తరిస్తే పనికొస్తుంది. ముత్యంలా నిలబడితే ఆ డ్రాయరులో మీ చెమట చర్మం మీదే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. బయటివైపుకి వచ్చిన చెమట ఆరాలంటే గ్రాముకి దాదాపు 2.4 కిలోజౌళ్ళ వేడి కావాలి, చుట్టూ పొడిగాలి కావాలి. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం ఆ గాలి దొరుకుతుంది. విశాఖలో జూలై సాయంత్రం దొరకదు. పైగా మీద జీన్స్ ప్యాంటుంటే ఆ చెమటంతా మందపాటి కాటన్‌లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. అందుకే కోస్తాలో తొక్కేవారికి ఏ పోగు అన్నది రెండో ప్రశ్న. ఒంటికి ఎలా పట్టి ఉంది అన్నదే మొదటిది. వదులుగా ఉన్న ఖరీదైన పాలిస్టర్ కంటే, సాగే పోగు కలిపి, తొడలకి బిగువుగా పట్టేలా కాళ్ళతో కుట్టిన కాటన్-లైక్రా డ్రాయరే (ట్రంక్) నయం.

పట్టాపట్టీల డ్రాయరు ఎందుకు ఏడిపిస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గుడ్డ లాగగలదు, నెట్టలేదు. మోకాలు పైకి లేచినప్పుడు పిరుదుల దగ్గర చర్మం సాగుతుంది, అక్కడి గుడ్డకి అదనపు పొడవు కావాలి, డ్రాయరు కాలు పైకి లాక్కుంటుంది. కాలు చాచినప్పుడు ఆ గుడ్డని తిరిగి కిందికి తోసే బలం ఏదీ లేదు. కాబట్టి మడత పడుతుంది. తర్వాతి చుట్టులో ఇంకొంచెం ఎక్కుతుంది. కాసేపటికి కాలంతా గజ్జల్లోకి చేరి, నాలుగైదు మడతల తాడై కూర్చుంటుంది. తడి మడత కింద బరువంతా సన్నని గీత మీద పడుతుంది. గుడ్డకి తిరిగి కిందికి వచ్చే శక్తినిచ్చేది లైక్రా ఒక్కటే. డ్యూపాంట్‌లోనే జోసెఫ్ షివర్స్ 1958లో కనిపెట్టిన ఆ సాగే పోగు 5 నుంచి 12 శాతం ఉంటే చాలు.

మామూలు వీకట్ డ్రాయరుకి ఈ తంటా లేదు గానీ, దాని కాలి ఎలాస్టిక్ సరిగ్గా గజ్జల మడతలో కూర్చుంటుంది. తొడకీ సీటుకీ మధ్య నలిగే చోటు అదే. ఆడవాళ్ళ మామూలు ప్యాంటీకీ ఇదే జబ్బు. దానికి బదులు చుడీదార్ కింద వేసుకునే సైక్లింగ్ షార్ట్స్ లాంటివి, మధ్యలో కుట్టు లేకుండా విడిగా ముక్క వేసి కుట్టినవి మేలు. నెలసరి రోజుల్లో ప్యాడ్ రెక్కల అంచులు డ్రాయరు బయటికి మడిచిన చోట తొడని కోస్తాయి. 

కొట్లో ఏం చూడాలి? కాలు పొడవు గజ్జల నుంచి 15–20 సెంటీమీటర్లు ఉండాలి, తొడకి తొడ తగిలే మేర అంతా కప్పాలి. తొడ చుట్టుకొలత టేపుతో కొలిచి, డ్రాయరు కాలి అంచుని పరిచి వెడల్పుని రెండుతో గుణించి పోల్చండి. తొడ 56 సెంటీమీటర్లయితే అంచు 46–50 మధ్య ఉంటే పట్టి ఉంటుంది. 44 కంటే తక్కువైతే రక్తం ఆగిన గీత పడుతుంది. గుడ్డని 10 సెంటీమీటర్ల మేర పట్టుకుని 15 దాకా సాగదీసి వదలండి. పదిన్నరలోపుకి రాకపోతే వద్దు. లోపలికి తిప్పి కుట్ల మీద గోరు నడపండి: ఓవర్‌లాక్ కుట్టు గట్టులా తగులుతుంది, ఫ్లాట్‌లాక్ కుట్టు దాదాపు తెలియదు. నాలుగు కుట్లు ఒకేచోట కలిసే జంక్షన్ కాళ్ళ మధ్య ఉంటే తిరిగి ఇచ్చెయ్యండి. ముందువైపు జేబులాంటి చీలిక ఉన్నవాటిలో అనవసరమైన పొరలూ కుట్లూ ఎక్కువ. నడుము పట్టీ 3 సెంటీమీటర్ల వెడల్పుంటే ముందుకి వంగినప్పుడు చుట్టుకుపోదు. సన్నని ఇన్నర్ ఎలాస్టిక్ రకం పొట్ట కింద తాడులా మడత పడుతుంది. ఇంటికొచ్చాక వేసుకుని పది గుంజీళ్ళు తియ్యండి. కాలి అంచు రెండు వేళ్ళ కంటే ఎక్కువ పైకెక్కితే అది సైకిలు డ్రాయరు కాదు.

ఐదు కిలోమీటర్లలోపు ప్రయాణానికి ఇంత హంగామా అక్కర్లేదు, బిగువైన పొడవు ట్రంక్ చాలు. పదిహేను దాటితే మెత్త ఉన్న సైకిలు షార్ట్స్ వేసుకుని ఆఫీసులో మార్చుకోవడమే మంచిది. వాటి లోపల డ్రాయరు వేసుకోకూడదు. మొహమాటానికి చాలామంది వేసుకుంటారు. ఆ షార్ట్స్ తయారీలో ఎంతో కష్టపడి తీసేసిన కుట్లన్నీ మళ్ళీ చర్మానికీ మెత్తకీ మధ్యకి వచ్చేస్తాయి. పేకకట్టలోకి అక్కర్లేని ముక్క చేరుతుంది, జారుడు మళ్ళీ చర్మం పక్కకే వస్తుంది.

పౌడరు చల్లుకోవడమంటే సుద్దపొడిని చర్మం పక్కనే వెయ్యడం. పొడిగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, చెమట తగలగానే ఉండలు కడుతుంది. వాజలీన్ మొదట ఘర్షణని బాగా తగ్గిస్తుంది. కొంతసేపటికి చర్మంలో తేమని బంధించి మెత్తబరుస్తుంది కాబట్టి, ముందున్న దానికంటే ఘర్షణ పెరిగే అవకాశమూ ఉంది. ఎక్కువసేపు తొక్కితే మధ్యలో మళ్ళీ రాయాలి. అప్పటికే ఒరుసుకుపోయిన చోట పల్చగా రాసుకోవడానికి మాత్రం మంచిదే.

మంట పుట్టగానే "వేడి చేసింది" అని మజ్జిగ, సగ్గుబియ్యం జావ మొదలుపెడతారు. తాగండి, దాహానికి మంచిది. తొడ మీది గీత మాత్రం కడుపులోని వేడి వల్ల రాలేదు. అలాగే, లంగోటీ బిగించకుండా సైకిలు తొక్కితే బుడ్డ (వృషణాల తిత్తిలో నీరు చేరి వచ్చే వాపు) దిగుతుందని పాతతరం భయపెట్టేది. కోస్తా జిల్లాల్లో కనిపించిన బుడ్డల్లో చాలావాటికి కారణం బోదకాలు పురుగు, దాన్ని మోసే క్యూలెక్స్ దోమ. లంగోటీకి దాంతో సంబంధం లేదు. కుస్తీవాళ్ళ లంగోటీలో ఒక తెలివి మాత్రం ఉంది: గజ్జల్లో కదిలే మడత ఒక్కటీ ఉండదు.

తిమ్మిరి వేరే సంగతి. అది నరం మీద ఒత్తిడి వల్ల వస్తుంది, డ్రాయరు మారిస్తే పోదు, సీటు చూసుకోవాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, రాపిడి ఇంకా పెరుగుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25–35 డిగ్రీలు వంగి ఉండాలి.

ఆఫీసు చేరాక తడి డ్రాయరుతో ఎనిమిది గంటలు కూర్చోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. సంచిలో ఒక జత, చిన్న తువ్వాలు పెట్టుకోండి. చెమట పోయడం ఆగేదాకా ఐదు పది నిమిషాలు ఆగి, గజ్జలు అద్దినట్టు తుడుచుకుని మార్చుకోండి. రుద్దకండి. ఒరుపుకి తోడు అంచు ఎత్తుగా, గుండ్రంగా పాకే దురద మచ్చ వస్తే అది తామర. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మూడు మందుల మిశ్రమం ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండ్రోజుల్లో తగ్గి, బూజు మాత్రం కింద పెరుగుతుంది. మామూలు మందులకి తరచుగా లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం ఇప్పుడు మన దేశంలో బాగా వ్యాపించింది కాబట్టి, చర్మవైద్యుడి దగ్గరికే వెళ్ళండి.

ఉతుకు విషయంలో రెండు జాగ్రత్తలు. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగుల మీద జిడ్డుపొర వదులుతుంది, చెమట పాకదు. బ్లీచింగు లైక్రాని తినేస్తుంది. తామర ఉన్నప్పుడు మాత్రం 60 డిగ్రీల వేడినీళ్ళు కావాలి, చన్నీళ్ళకి బూజు బీజాలు చావవు. ఆ వేడికి లైక్రా త్వరగా నీరసపడుతుంది, ఆ నష్టం భరించాల్సిందే. నెలకోసారి 10 నుంచి 15 సెంటీమీటర్లు సాగదీసే పరీక్ష మళ్ళీ చెయ్యండి. వదిలాక 11 దగ్గరే ఆగిపోతే దాన్ని ఇంట్లో వేసుకోవడానికి దింపెయ్యండి.