టర్కీకి నాటుకోడి పొరుగు పడదు

పెరట్లో ఇప్పటికే నాటుకోళ్లున్న ఇంటికి టర్కీ పిల్లల్ని తెస్తే, వాటితోపాటే వదిలేయడం మామూలే. రెండూ కోళ్లేగా, తినేవి అవే గింజలేగా అనుకుంటాం. కొన్నాళ్లు బాగానే తిరుగుతాయి. తర్వాత ఒకటి రెక్కలు వేలాడేసి మూలన నిలబడుతుంది. రెట్ట గంధకంలా పచ్చగా పడుతుంది. కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది, దాని వెనకే ఇంకోటి. నాటుకోళ్లు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందంటారు.

చచ్చిన పక్షిని కోసి చూస్తే కార్జం మీద మధ్యలో గుంట పడ్డ గుండ్రటి మచ్చలుంటాయి. ఈ జబ్బును బ్లాక్‌హెడ్ అంటారు. కారణం హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి. బయట నేల మీద అది కొన్ని గంటలకు మించి బతకలేదు. అందుకని కోడి పేగులో ఉండే ఒక సన్నటి నులిపురుగు గుడ్డులో తలదాచుకుంటుంది. రెట్టతో బయటపడిన ఆ గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. వానపాము మింగినా దానికేం కాదు. తొలకరికి పైకొచ్చిన ఆ వానపామును టర్కీ తిన్నదంటే జబ్బు లోపలికి వెళ్లినట్టే. ముందు పేగు చివరి రెండు తిత్తులు పుండ్లు పడతాయి, తర్వాత రక్తం ద్వారా కార్జానికి పాకుతుంది. ఆ తర్వాత నులిపురుగుతో కూడా పనిలేదు, ఒక టర్కీ నుంచి ఇంకోదానికి నేరుగా అంటుకుంటుంది.

కోడి ఆసియాది, టర్కీ అమెరికాది. మన దేశానికి టర్కీ కొత్తేమీ కాదు, గోవా నుంచి వచ్చిన ఒకదాన్ని చూసి 1612లోనే జహంగీర్ ముచ్చటపడి బొమ్మ వేయించాడు. అయినా ఈ పరాన్నజీవితో కోడికున్న పాత సహవాసం టర్కీకి లేదు, అందుకే కోడి తట్టుకునే జబ్బు దాన్ని చంపేస్తుంది.

మందు మీద ఆశ పెట్టుకోకపోవడం మేలు. అమెరికాలో అనుమతి ఉన్న చివరి మందు నైటార్సోన్‌లో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుంది, దాన్ని 2015 చివర్లో తీసేశారు. కాబట్టి కోళ్లు ఎప్పుడూ తిరగని చోటు చూసుకోవాలి. అది కుదరకపోతే టర్కీ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చోటు దొరికినా మొదటి పది పదిహేను రోజులు టెన్షనే. టర్కీ పిల్లకు మేత ఎక్కడుందో చప్పున తెలియదు, ఎదురుగా పెట్టినా తినక చచ్చిపోతుంది. అందుకే మేతలో, నీళ్లలో రంగు గోళీలు వేస్తారు, మెరుస్తుంటే పొడుస్తుందని. లీటరు నీళ్లలో 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టడం తమిళనాడులో చెప్పే పద్ధతి. బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి. మేతలో 28 శాతం ప్రోటీన్ కావాలి, నూకలూ తవుడూ చాలవు. పెద్దయ్యాక ఆకుకూరలు ఎంత వేసినా తింటాయి.

ఇక వంట. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, నాటుకోడిలా గంటసేపు ఉడికిస్తే పీచు పీచుగా ఎండిపోతుంది. దాన్ని చిన్న ముక్కలు కోసి త్వరగా వేయించాలి. ఎప్పుడూ నడిచే కాళ్లలో మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ ఎక్కువ, అందుకే తొడ మాంసం ఎర్రగా ఉంటుంది. పులుసుకు అదే బాగుంటుంది.